ప్రజాశిల్పం – ప్రజాధనం : ఒక చారిత్రక పరిశీలన

నాలుగు దారులు కలిసే చోట ఒక విగ్రహం కనిపించగానే అది ఎవరిదని అడుగుతాము. ఏ శిల్పి చేతి పని అని కొందరైనా అడుగుతారు. దానికైన సొమ్ము ఎవరిచ్చారని అడిగేవారు మాత్రం బహు అరుదు. శిల్పాల చరిత్రను కొంత శ్రద్ధగా చదివినవారికి ఈ మూడవ ప్రశ్న మొదటి రెండింటికంటె తక్కువది కాదని తోస్తుంది. సొమ్ము ఇచ్చినవారెవరో తెలిస్తే ఆ శిల్పం ఎవరికోసం నిలిచినదో, చుట్టుపక్కలవారు దానిని ఎంతకాలం తమదిగా భావించారో చాలవరకు బోధపడుతుంది.

గ్రాంటు అన్న మాట పాఠశాలలు నడిపేవారికి కొత్తది కాదు. 1854 నాటి ఉడ్ విద్యాప్రణాళికతో మన దేశంలో ఆర్థిక సహాయ పద్ధతి ఆరంభమైనది. స్థానికులు తమ శక్తికొలది కొంత భరిస్తే ప్రభుత్వం మిగిలినదానికి సాయపడుతుందన్నదే దాని మూలసూత్రం. చెన్నపట్నంలోను, ఇతర జిల్లాలలోను ఎన్నో పాఠశాలలు ఈ విధంగానే పెరిగాయి. బడికి వర్తించిన ఈ సూత్రమే బహిరంగ స్థలాలలో నిలిచే శిల్పానికి కూడ ఎంతవరకు వర్తిస్తుందో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అమరావతి దాతలు

మన ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలోని అమరావతి శిల్పాలను మన విద్యార్థులలో అనేకులు చూసియుంటారు. కృష్ణాతీరంలోని ధాన్యకటకంలో సుమారు క్రీ.పూ. 3వ శతాబ్ది నుండి క్రీ.శ. 3వ శతాబ్ది వరకు దశలు దశలుగా పెరిగిన మహాచైత్యానికి చెందిన పలకలవి. ఆ చెక్కడపు సౌందర్యాన్ని గురించి చాలమంది వ్రాశారు. ఆ రాళ్లపై బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో ఉన్న చిన్నచిన్న శాసనాలను గురించి చెప్పుకొనేది తక్కువ. వాటిలో అధికభాగం దానశాసనాలే. ఈ స్తంభం ఫలానివారి దానం, ఈ పలక ఫలానివారి దానం అన్నంతవరకే వాటి విషయం.

ఆ దాతల పేర్లను వరుసగా చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. గృహస్థులు, వర్తకులు, సుగంధద్రవ్యాలు అమ్మేవారు, భిక్షువులు, భిక్షుణులు, సేనాధికారి, ధాన్యకటక నిగమం – అందరూ అందులో ఉన్నారు. నాగుడనే ఉపాధ్యాయుని కుమారుడు విధికుడు తోలుపని చేసేవాడు. అతడు తల్లితో, భార్యతో, సోదరులతో, కుమార్తెతో, బంధువులతో కలిసి పూర్ణఘటం చెక్కిన ఒక పలకను సమర్పించినట్లు ఒక శాసనం చెబుతున్నది. రెండువేల సంవత్సరాల క్రిందట ఒక చర్మకారుడు తన ఇంటివారందరి తరఫున సొమ్ము చెల్లించి, తన వృత్తిని దాచుకొనక రాతిపై వ్రాయించుకొన్నాడు. ఆంధ్రదేశపు శిల్పకళకు తలమానికమైన కట్టడం ఒక్క రాజు బొక్కసంతో లేచినది కాదని చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. ఎవరి శక్తికి తగిన పలక వారిది, అన్ని పలకలు కలిస్తే చైత్యం అందరిది.

ఈ చరిత్రకు ఉత్తరభాగం కూడ ఉన్నది. బౌద్ధం ఆ సీమలో అంతరించిన పిమ్మట పలకలను కాపాడుకొనే సమూహం లేకపోయినది. 1797లో కల్నల్ మెకంజీ చూసేనాటికి వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టిస్తున్న కొత్త పట్టణం పనులకు ఆ దిబ్బను త్రవ్వుతున్నారు. కొన్ని పాలరాతి పలకలు సున్నపు బట్టీల పాలయ్యాయి. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన రాళ్లు మద్రాసు చేరాయి. వాటిలో నూటికి పైగా 1859లో సముద్రం దాటి లండను వెళ్లాయి. రాతిని చెక్కించడానికి సొమ్ము కావలెను, నిజమే. దానిని నిలుపుకొనడానికి తరతరాలుగా పట్టించుకొనే మనుషులు కావలెను. ఆ మనుషులు లేనప్పుడు అమరావతి వంటి అమరావతి సున్నమైనది.

రాజుల బొక్కసం

ఇక్ష్వాకుల నాటి విజయపురి, అనగా నాగార్జునకొండ, కొంత భిన్నమైన చిత్రాన్ని చూపుతుంది. క్రీ.శ. 3వ శతాబ్దిలో అక్కడి మహాచైత్యపు స్తంభాలను దానం చేసినవారిలో వాసిష్ఠీపుత్ర చాంతమూలుని సోదరి చాంతిశ్రీ ముఖ్యురాలు. రాచకుటుంబపు స్త్రీలు తమ పేర దానాలు చేసి శాసనాలు వేయించుకొన్న తీరు మన చరిత్రలో గర్వించదగినది. అయినను దాతల వరుసలో చర్మకారుని స్థానం తగ్గి అంతఃపురం స్థానం పెరిగినదని గమనించవలెను.

పదునారవ శతాబ్దిలో అచ్యుతదేవరాయల కాలంలో కట్టిన లేపాక్షి ఆలయాన్ని గురించి మన పెద్దలు చెప్పే కథ అందరికీ తెలిసినదే. కోశాధికారి విరూపణ్ణ రాజు అనుమతి లేకుండ బొక్కసం సొమ్మును ఆలయానికి వెచ్చించాడని, శిక్ష పడనున్నదని తెలిసి తన కన్నులు తానే పెరికి గోడకు విసిరాడని, ఆ ఎర్రని మరకలు నేటికీ ఉన్నవని చెబుతారు. అక్కడి కల్యాణమండపం అసంపూర్ణంగా నిలిచిపోవడం మాత్రం కంటికి కనబడే సత్యం. కథ నిజమైనా కాకున్నా అందులో ప్రజలు దాచుకొన్న ఒక నీతి ఉన్నది. ఎంత గొప్ప కళకైనా అందరి సొమ్మును వెచ్చించేటప్పుడు అనుమతి, లెక్క రెండూ ఉండవలెను.

చందాల విగ్రహాలు

కుంఫిణీ పాలనలో మద్రాసు వీథులకు మరొక పద్ధతి వచ్చినది. చనిపోయిన అధికారికి స్మారకం కావలెనని సభ జరిపి, చందా పట్టి వ్రాసి, ఇంగ్లాండు శిల్పికి పని అప్పగించేవారు. ఐలండ్ మైదానం వద్ద గుఱ్ఱంపై ఉన్న సర్ థామస్ మన్రో విగ్రహం ఈ విధంగా వచ్చినదే. ఫ్రాన్సిస్ చాంట్రీ చేసిన ఆ కంచు విగ్రహం 1839లో ప్రతిష్ఠితమైనది. జీను, రికాబులు లేని గుఱ్ఱాన్ని చూపి నగరవాసులు నేటికీ ముచ్చటించుకొంటారు.

మన్రోకు తెలుగు దేశంతో ఉన్న అనుబంధం పెద్దది. 1800 నుండి 1807 వరకు దత్తమండలాలకు, అనగా నేటి రాయలసీమకు, ఆయన కలెక్టరు. గవర్నరుగా ఉండి పర్యటిస్తూ 1827 జూలై 6న కర్నూలు జిల్లా పత్తికొండలో కలరాతో మరణించాడు. ఆయన స్మృతికి నగరంలో కంచు విగ్రహం లేచినది. పత్తికొండలో ప్రభుత్వం ఒక తోపు నాటించి రాతిమెట్ల బావి త్రవ్వించినది. గుత్తిలో బాటసారులకు సత్రం ఏర్పడినది. ఒక మనిషికే నగరంలో ఒక రూపం, పల్లెలో మరొక రూపం! పల్లెకు శిల్పం అక్కరలేదని పాలకులు తలచారా, లేక ఎండిన నేలలో బావిని మించిన స్మారకం లేదని గ్రహించారా? రెండు విధాల చెప్పవచ్చును. దాహం తీర్చే బావికి రాతిమెట్లు చక్కగా పేర్చినవాడు కూడ శిల్పి వంశంవాడే అని మాత్రం నా అభిప్రాయం.

మౌంట్ రోడ్డుపై నిలిచిన జనరల్ నీల్ విగ్రహం కథ వేరు. అది కూడ 1860 నాటి చందాలతో వచ్చినదే. 1857 తిరుగుబాటు సమయంలో అలహాబాదు, కాన్పూరులలో ఆ సేనాని జరిపించిన ఘోరమైన ప్రతీకారచర్యలు భారతీయులు మరువరానివి. 1927లో ఆ విగ్రహాన్ని తొలగించవలెనని సత్యాగ్రహం జరిగినది. యువకులు కారాగారాలకు వెళ్లారు. పది సంవత్సరాల తరువాత, 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చిన పిమ్మట, అది వీథి నుండి కదిలినది. నేడు అది మ్యూజియం వస్తువు. ప్రజల చందాతో నిలిచిన విగ్రహాన్ని ప్రజలే తీసివేయించారు. చందా ఇచ్చిన ప్రజలు వేరు, నిత్యం దాని ఎదుట నడిచే ప్రజలు వేరు కావడమే దీనికి కారణం.

ప్రభుత్వ ధనం

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఈ బాధ్యత చాలవరకు ప్రభుత్వాల చేతికి వచ్చినది. 1954లో లలితకళా అకాడమీ ఏర్పడినది. దాని తొలి అధ్యక్షుడు, మద్రాసు కళాశాలకు చిరకాలం అధిపతి అయిన దేవీప్రసాద్ రాయ్ చౌధురీ. ఆయన మలచిన శ్రమవిజయ శిల్పం 1959లో మెరీనా తీరంలో నిలిచినది. పేరులేని నలుగురు శ్రామికులు ఒక పెద్ద బండను కదలించే దృశ్యమది. గవర్నర్లకు, సేనానులకు మాత్రమే చోటున్న నగరంలో చెమటోడ్చే మనిషికి పీఠం దక్కినది. ప్రజాధనం చేయగల మేలుకు ఇది చక్కని ఉదాహరణ.

1968లో ద్వితీయ ప్రపంచ తమిళ మహాసభల సందర్భంగా అదే తీరంలో పది విగ్రహాలు వెలిశాయి. అవ్వైయార్, తిరువళ్లువర్, కంబర్, భారతి వంటివారితో పాటు తమిళానికి సేవ చేసిన పోప్, కాల్డ్‌వెల్, బెస్కీ అనే ముగ్గురు ఐరోపావారికి కూడ అందులో చోటు లభించినది. ఆ వరుసలోని కణ్ణగి విగ్రహం 2001 డిసెంబరులో తొలగింపబడి, 2006 జూనులో ప్రభుత్వం మారిన పిమ్మట తిరిగి నిలిచినది. ప్రభుత్వం నిలిపినదానిని ప్రభుత్వమే తీయగలదన్న సంగతి దీనివలన తెలుస్తున్నది.

హైదరాబాదు హుస్సేన్ సాగర్ కట్టపై 1980ల మధ్యకాలంలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం 33 విగ్రహాలను ప్రతిష్ఠించినది. నన్నయ, పోతన, మొల్ల, వేమన, క్షేత్రయ్య, వీరేశలింగం, కాటన్ – వీరందరినీ ఒక్క నడకలో చూడగలగడం తెలుగు బాలబాలికలకు పండుగే. కాని ఎవరిని నిలపాలన్న నిర్ణయంలో తమ ప్రాంతపు మహనీయులకు తగిన చోటు దక్కలేదన్న ఆవేదన తెలంగాణలో చిరకాలం ఉండిపోయినది. 2011 మార్చి 10న ఉద్యమం ఉధృతంగా ఉన్న వేళ అనేక విగ్రహాలు ధ్వంసమయ్యాయి. పిమ్మట వాటిని తిరిగి నిలిపారు. కవుల విగ్రహాలు పడిపోవడం ఎవరికైనా బాధాకరమే. ఆ బాధతో పాటు, ఖజానా అందరిదైనప్పుడు జాబితా తయారుచేసే పీట మీద కూడ అందరూ ఉండవలెనన్న పాఠాన్ని గుర్తుంచుకొనక తప్పదు.

సరిపాలు గ్రాంటు

సొమ్ము ఇచ్చేవారికి, శిల్పం ఎదుట బ్రతికేవారికి నడుమ ఉన్న ఈ దూరాన్ని తగ్గించడానికి ఇతర దేశాలు చేసిన ప్రయత్నాలను కూడ చూడవలెను. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరం 1959లో ఒక చట్టం చేసినది. దాని ప్రకారం నగరపు నిర్మాణవ్యయంలో నూటికొక వంతు కళకు కేటాయించవలెను. 1965లో ఆ దేశంలో జాతీయ కళానిధి ఏర్పడినది. 1967లో ఆ సంస్థ బహిరంగ స్థలాల శిల్పాలకు ప్రత్యేకంగా గ్రాంట్లు ఇవ్వడం మొదలుపెట్టినది.

ఆ పథకం క్రింద తొలి శిల్పం మిచిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ ర్యాపిడ్స్ అనే మధ్యతరగతి పట్టణానికి వచ్చినది. అలెగ్జాండర్ కాల్డర్ రూపొందించిన ఆ ఎర్రని ఉక్కు శిల్పం ఎత్తు 43 అడుగులు, బరువు 42 టన్నులు. జాతీయ నిధి ఇచ్చినది 45,000 డాలర్లు. మొత్తం వ్యయం లక్షా పాతికవేల డాలర్లు దాటినది. మిగిలిన సొమ్మును ఆ ఊరివారే సమకూర్చుకొన్నారు. ఇదేమి రూపమని, మన ఊరి శిల్పి దొరకలేదా అని విమర్శించినవారు లేకపోలేదు. 1969 జూనులో ప్రతిష్ఠ జరిగినది. మరుసటి సంవత్సరం నుండి ఆ ప్రాంగణంలోనే కళోత్సవం ఆరంభమైనది. కొంతకాలానికి ఆ శిల్పం బొమ్మ నగరపాలక సంస్థ ఉత్తరాల మీదికి, చెత్త బండ్ల మీదికి కూడ ఎక్కినది. చెత్త బండి మీద బొమ్మ వేసుకొన్నారంటే ఊరు దానిని తన ముద్రగా స్వీకరించినదని అర్థం.

ఇందుకు విరుద్ధమైన దృష్టాంతం న్యూయార్కులో జరిగినది. అక్కడి ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయ ప్రాంగణంలో 1981లో రిచర్డ్ సెర్రా చేసిన ‘టిల్టెడ్ ఆర్క్’ను నిలిపారు. 120 అడుగుల పొడవు, 12 అడుగుల ఎత్తు గల ఒరిగిన ఉక్కు గోడ అది. వ్యయం 1,75,000 డాలర్లు పూర్తిగా ప్రభుత్వమే భరించినది. శిల్పి సామాన్యుడు కాడు, నిపుణులే ఎంపిక చేశారు. కాని ప్రతిదినం ఆ ప్రాంగణం దాటి పనికి వెళ్లే ఉద్యోగులు తమ దారికి అడ్డుగా గోడ కట్టారని మొరపెట్టుకొన్నారు. 1985లో బహిరంగ విచారణ జరిగినది. మాట్లాడిన 180 మందిలో 122 మంది అది ఉండవలెనన్నారు, 58 మంది తీయవలెనన్నారు. అయినను 1989 మార్చిలో దానిని కోసి తొలగించారు. కళాకారుని స్వేచ్ఛకు అన్యాయం జరిగినదని ఎందరో వాదించారు, ఆ వాదంలో బలం ఉన్నది. మొదటనే అక్కడి మనుషులను కూర్చోబెట్టి మాట్లాడియుంటే ఇద్దరికీ ఆ కష్టం తప్పేదేమో!

ఈ రెండు శిల్పాలూ మహాశిల్పుల చేతి పనులే, రెండూ సామాన్యుని కంటికి వింత రూపాలే. ఒకదానికి ఊరివారు తమ జేబు నుండి పెట్టారు, రెండవదానికి పెట్టలేదు. ఇదొక్కటే కారణమని అనలేను కాని, ఇది పెద్ద కారణమని నమ్ముతాను.

పల్లెల మాట

గ్రాంట్లు సహజంగా నగరాల వైపు ప్రవహిస్తాయి. దరఖాస్తు వ్రాయగలవారు, లెక్కలు చూపగలవారు అక్కడనే ఉంటారు. అమెరికాలో 2011లో మొదలైన ‘అవర్ టౌన్’ గ్రాంట్లు చిన్న పట్టణాలను, పల్లెలను కూడ పరిగణించాయి. మీరు ఎంత కూడబెడితే మేము అంత ఇస్తామన్న నియమం అక్కడ కూడ ఉండినది. డబ్బుకు బదులు శ్రమను, సామగ్రిని లెక్కలోకి తీసుకొనే పద్ధతి ఉన్నప్పుడే ఇటువంటి నియమం పేదపల్లెకు మేలు చేస్తుంది.

మన తెలుగు పల్లెలు గ్రాంటు కోసం వేచియుండలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన కాటన్ దొర విగ్రహాలు గోదావరి మండలంలోని అనేక గ్రామాలలో ఉన్నాయి. నీరు త్రాగిన పొలాల కృతజ్ఞత అది. అంతకంటె విస్తృతమైనది అంబేద్కర్ విగ్రహం. కూలిపని చేసుకొనే కుటుంబాలు తలా కొంత వేసుకొని, యువకులు సంఘంగా ఏర్పడి, సిమెంటుతో చేసిన విగ్రహాన్ని తమ పేట ముఖద్వారంలో నిలుపుకొన్న ఊళ్లు తెలుగు దేశంలో లెక్కకు మిక్కిలి. శిల్పశాస్త్రం దృష్టితో కొలతలు చూసేవారికి అందులో లోపాలు కనిపించవచ్చును. కాని ధాన్యకటకంలో విధికుడు చేసిన పనికి నిజమైన వారసులు వీరేనని నాకు తోస్తుంది.

ఇందులో హద్దులు లేవని కాదు. రహదారులు, కాలిబాటలు, ప్రజోపయోగ స్థలాలలో కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వరాదని 2013 జనవరిలో సుప్రీంకోర్టు ఉత్తర్వు చేసినది. నడిచేవారి దారిని హరించి మహనీయులను గౌరవించలేము. అందుచేత నేటి శిల్పానికి తగిన తావులు ఉద్యానవనాలు, గ్రంథాలయాలు, పాఠశాలలు.

మన ప్రాంగణం

ఈ వజ్రసమానమైన డెబ్బదియైదవ వత్సరంలో ప్రాంగణంలో ఒక శిల్పాన్ని నిలపాలని పూర్వ విద్యార్థులు కొందరు సూచించారు. ఒక్కరే మొత్తం భరిస్తామన్న ఉదారులు కూడ ఉన్నారు. తరగతి గదుల మరమ్మతులు మిగిలియుండగా రాతికి ఖర్చు ఎందుకని తల్లిదండ్రులు కొందరు అడిగారు. తెలుగు మాధ్యమంలో పిల్లల సంఖ్య తగ్గుతున్న ఈ దినాలలో ఆ ప్రశ్న న్యాయమైనది. దానికి సమాధానం చెప్పకుండ శంకుస్థాపన చేయడం నాకు సమ్మతం కాదు.

చరిత్ర నుండి మూడు మాటలు గ్రహించవచ్చునని మనవి చేస్తున్నాను. మొదటిది, సొమ్ము ఒక్క చేతి నుండి రాకూడదు. పెద్ద విరాళాన్ని సరిపాలు గ్రాంటుగా ఉంచి, మిగిలిన సగాన్ని పూర్వ విద్యార్థులు, ఉపాధ్యాయులు, బోధనేతర సిబ్బంది, నేటి పిల్లలు తమ శక్తికొలది కూర్చవలెను. ఒక్క రూపాయి ఇచ్చిన బిడ్డ పేరు కూడ ఆ రాతి దగ్గర ఉండవలెను. రెండవది, ఏమి చెక్కాలో నిర్ణయించే సమితిలో విద్యార్థులకు, వీథివారికి చోటు ఉండవలెను. మూడవది, పోగైన సొమ్ములో కొంత భాగం బ్యాంకులో వేసి, దాని వడ్డీని సంరక్షణకు కేటాయించవలెను. రాతిని కడిగే చేతికి జీతం లేని చోట కాకి రెట్టలే మిగులుతాయి.

ఇక ఏమి చెక్కాలన్న విషయంలో సమితి ముందుంచదలచిన నా సూచన ఇది. మన ద్వారం ప్రక్కన పిల్లలకు, దారిన పోయేవారికి మంచినీరు అందించే ఒక రాతి తొట్టి కట్టి, దాని నుదుట విధికుని పలకపై ఉన్నటువంటి పూర్ణఘటాన్ని చెక్కించవచ్చును. 2018 నుండి ఆంధ్రప్రదేశ్ రాజముద్రలోను ఉన్న రూపమది. ఆళ్లగడ్డ, దుర్గి వంటి చోట్ల నేటికీ రాతిపని బ్రతికియున్నది. మామల్లపురం మనకు దగ్గరలోనే ఉన్నది. పత్తికొండలో బావి చేసిన ఉపకారం, అమరావతిలో పలక నేర్పిన పంపకం రెండూ ఇందులో ఉంటాయి. గదుల మరమ్మతులు ముందు, తొట్టి తరువాత అన్న క్రమానికి నేను బద్ధురాలను.

పూర్వ విద్యార్థులు, తల్లిదండ్రులు ఈ విషయంలో తమ అభిప్రాయాలను ఉత్సవసంఘానికి వ్రాసి పంపవలెనని కోరుతున్నాను. కాదనే ఉత్తరాలను కూడ ఔననే ఉత్తరాలతో సమానంగా సభ ముందు చదివిస్తాము.